తెర ఎత్తిన పూట

కైరో కోటలో దర్బారు ఉన్న రోజున నా చోటు గద్దె వెనక, చిన్న పీట మీద. గద్దె వీపుకు కట్టిన జరీగుడ్డలో చెయ్యి దూరేంత చీలిక ఉండేది. అందులోంచి చెయ్యి పెట్టి, మా తమీము జారిపోకుండా నడుము పట్టుకోవడం నా పని. వాడు ఖలీఫా. వాడికి ఆరేళ్ళు, పుట్టినప్పటినుంచీ పెంచిన దాదిని నేను. గద్దేమో నిండు మనిషికి చేయించింది.

"జనం దండాలు పెట్టేది నీ కుడిచేతికే దాయమ్మా, దానికో తలపాగా చుట్టించరాదూ?" అనేవాడు గద్దె ముందు తెరతాడు లాగే ముసలి సందల్.

"నీ తాడుకు చుట్టుకో ముందు" అనేదాన్ని.

ఆ రోజు మాత్రం మేమిద్దరం నవ్వలేదు. తమీముకు మూడు రోజులుగా జ్వరం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. "ఈ ఒక్క పూట వదిలెయ్యండయ్యా, బిడ్డ ఆగలేడు" అని వజీరు కాళ్ళ మీద పడ్డాను.

"ఖలీఫా చచ్చాడని బయట సైన్యం గోల పెడుతోంది" అన్నాడాయన. "వాళ్ళ కంటికి కనబడకపోతే మధ్యాహ్నానికి కోట గుమ్మాలు బద్దలవుతాయి. అప్పుడు నీ బిడ్డను ఎవడు బతకనిస్తాడు? చెప్పు."

నేనే ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టాను.

తెర లేచింది. ఒకసారి లేచిందంటే, ఆఖరి సర్దారు వచ్చి నేలను ముద్దాడేదాకా దించకూడదు. ఖలీఫా కదలకూడదు. ఆ రోజు అరవైమంది సర్దార్లు. సాంబ్రాణి పొగ, గుర్రాల చెమట కంపు, రాతినేల మీద కత్తి ఒరలు గీసుకునే చప్పుడు. వెనక కూర్చున్న నాకు గుడ్డ తప్ప ఏమీ కనబడదు. నా అరచేతికి తెలిసిందే నాకు తెలిసింది.

కొంతసేపటికి ఆ వేడి తగ్గడం మొదలుపెట్టింది. మెల్లగా, పొయ్యి మీదనుంచి దించిన కుండలా. దేవుడు దయ తలిచాడు, జ్వరం విడుస్తోంది అనుకున్నాను. సంతోషంతో కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకున్నాను. తెర దించెయ్యమని సందల్‌కు సైగ చెయ్యాలన్న ఆలోచన అప్పుడే మానుకున్నాను.

"దాయమ్మా..." అన్నాడు తమీము, గుసగుసగా. "దిగనా?"

"ఇంకా ఉన్నారు నాన్నా. దిగకు."

"సరే."

మళ్ళీ, సర్దార్లు అయిపోవస్తుండగా. "దిగనా?"

"నేను చెప్పేదాకా దిగకు నా బంగారం. కదలకు."

"సరే."

ఎంత బుద్ధిగా అన్నాడో.

మిట్టమధ్యాహ్నం తెర దిగింది. గబగబా ముందుకు వచ్చాను. వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. ఎత్తుకుంటే కాళ్ళు సాగలేదు, కూర్చున్నట్టే ఉండిపోయాయి. హకీము కనురెప్ప ఎత్తి చూసి, వజీరు చెవిలో చెబితే నాకూ వినబడింది. "పోయి చాలాసేపయింది. సగంమంది సర్దార్లు రాకముందే."

నేను ఒప్పుకోలేదు. ఆఖరి మనిషి వచ్చేదాకా నాతో మాట్లాడాడన్నాను. వజీరు నా నోటికి వేలు అడ్డం పెట్టాడు.

పొద్దు గూకకముందే గుట్టుగా పాతిపెట్టారు. నాకేమో వాడి 'సరే' చెవుల్లోంచి పోవడం లేదు. దిగకు అని చెప్పిన నోరు నాది. దిగమని చెప్పలేదే! సందల్ దీపాలు వెలిగించబోతుంటే ఆపి, ఒక్కదాన్నే దర్బారులోకి వెళ్ళి పీట మీద కూర్చున్నాను. చీలికలో చెయ్యి పెట్టాను.

"అందరూ వెళ్ళిపోయారు నాన్నా. ఇంక దిగు."

సాంబ్రాణి బూడిద వాసన. తరవాత...

"ఎలా దిగను దాయమ్మా? అన్నలు దిగనివ్వట్లేదు."

తమీముకంటే ముందు ఆ గద్దె మీద వాడి అన్నలిద్దరు కూర్చున్నారు. ఒకడు తొమ్మిదేళ్ళకు పోయాడు, ఒకడు ఏడేళ్ళకు. ఇద్దరినీ పట్టుకున్న చెయ్యి ఇదే.

"వాళ్ళకు కూడా... నువ్వు చెప్పలేదంట."

చెయ్యి ఇంకాస్త లోపలికి పెట్టాను. చిన్న మోకాలు తగిలింది. చల్లగా. దాని పక్కన ఇంకో మోకాలు. దాని పక్కన...

అప్పుడు "దిగండి నాన్నా, ముగ్గురూ దిగండి" అని ఒక్క మాట అనవలసింది. అనలేదు. చెయ్యి లాక్కుని పారిపోయాను. పెంచినదాన్నే, నా బిడ్డలకే భయపడ్డాను.

నాలుగో రోజున వజీరు ఎక్కడినుంచో తమీము చిన్నాన్న కొడుకును తెచ్చాడు. హైదరా అని, నాలుగేళ్ళవాడు. బొద్దుగా, వాగుడుకాయ. నన్ను మళ్ళీ పీట మీద కూర్చోబెట్టారు. చెయ్యి పెట్టి, వాడి నడుము పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. కూర్చోగానే ఏదో పాట కూనిరాగం తీశాడు.

తెర లేవబోతోంది. పాట ఆగింది. నా అరచేతి కింద వాడి నడుము పక్కకు జరిగింది. ఎవరూ జరగమనలేదు. గద్దె మీద అటుపక్క బోలెడంత చోటుంది.

"ఇంకొంచెం జరగనా?" అని అడిగాడు.

నన్ను కాదు.