పదిలో రెండు

మధ్యాహ్నం మూడింటికి చూడవచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఎముకల వార్డు సద్దుమణిగింది. ఫ్యాను కిర్రుమంటోంది. తుడిచిన నేల నుంచి ఫినాయిల్ వాసన. ఆ వాసనలోనే పెద్దనర్సు ముప్పై ఏళ్లు తిరిగింది. ఇప్పుడు అదే వార్డులో, కిటికీ పక్క మంచం మీద, మార్చిన తుంటితో, కాళ్ల మధ్య దిండుతో వెల్లకిలా పడుంది.

మంచానికి చీటీ వేలాడుతోంది. నొప్పి పదిలో ఎంతో పూటపూటకీ అడిగి అందులో రాస్తారు. ఐదు దాటితే ఇంజెక్షన్.

"అక్కా, ఎంత వెయ్యను?" అంది చిన్ననర్సు.

"తొమ్మిది వెయ్యవే తల్లీ. ప్రాణం తోడేస్తోంది."

"మా అందరికీ ధైర్యం నూరిపోసిన మీరేనా!" అని నవ్వి, రాసుకుని వెళ్లింది.

గంటైనా ఇంజెక్షన్ రాలేదు. మళ్లీ పిలిస్తే చిన్ననర్సు చీటీ చూసి బిత్తరపోయింది.

"నేను తొమ్మిదే వేశానక్కా... ఇక్కడ రెండుంది. ఈ తోక వంపు... మీ చేతిరాతే!"

పెద్దనర్సు చీటీ లాక్కుని ఆ అంకె చూసుకుంది.

ఏళ్ల కిందట ఇదే మంచం. తుంటి మార్చిన దర్జీ ఆవిడ. "తొమ్మిదమ్మా, తొమ్మిది" అని ఏడ్చింది. మందుల గది తాళం కోసం మెట్లెక్కడానికి బద్ధకించి, పెద్దనర్సు రెండు వేసింది. "ఇంత సుకుమారమైతే ఎలా? ఓర్చుకో" అంది. దుప్పటి అంచు కొరుక్కుంటూ ఆ మనిషి సాయంత్రానికి పోయింది. చీటీలో రెండే ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు.

చిన్ననర్సు పరుగున డాక్టరుని తీసుకొచ్చింది.

"మీరే చెప్పండమ్మా. ఎంతుంది?"

పది... పది అనాలని నోరు తెరిచింది.

"రెండేనండీ," అంది ఆ నోరు. "ఓర్చుకుంటాను."

"అందరూ మీలా ఉంటే మాకు పనే ఉండదు," అని డాక్టరు వెళ్లిపోయాడు. వెనకే చిన్ననర్సూ...

అరవబోయింది. ఆ నోరు తెరుచుకోలేదు. చెవి పక్కన ఎవరిదో ఊపిరి... కొత్తగుడ్డ వాసన... కుట్టుమిషను నూనె వాసన...

"ఇంకా సాయంత్రం కాలేదుగా, అమ్మా."

ఆరింటికి చిన్ననర్సు వచ్చేసరికి పెద్దనర్సు ఒళ్లు చల్లబడిపోయి ఉంది. చీటీలో రెండే ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు.

దుప్పటి తీస్తుంటే చేతికి తగిలింది. పళ్లతో చీల్చిన అంచు... దాన్ని ఎవరో అప్పుడే సన్నగా కుట్టారు. ఎనిమిది కుట్లు పూర్తయ్యాయి. తొమ్మిదో దాంట్లో సూది ఇంకా ఊగుతోంది.