కొర్లయ్య దాచిన కిరీటం

ఆ చలికాలం సముద్రం దయ్యాలకొండ అడుగునున్న ఇసుకనంతా లాక్కుపోయింది. ఏళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చినప్పుడు మూసుకుపోయిన గుహ నోరు మళ్ళీ బయటపడింది. ఆ కబురు చెవిన పడగానే మసేనమ్మ కుడుతున్న వల అక్కడే పడేసి, తిన్నగా కులపెద్ద దానయ్య ఇంటికి వెళ్ళింది.

“మా నాయిన అబద్దం ఆడనేదు. అమ్మోరి కిరీటం ఆ గుహలోనే దాసేడు. నానెల్లి సూత్తాను,” అంది.

దానయ్య నోట్లో చుట్ట తియ్యకుండానే నవ్వాడు. ఆ తుఫానులో గుడి కూలిపోతుంటే, గంగమ్మ తల్లి వెండి కిరీటాన్ని నడుముకి కట్టుకుని కొండవైపు పరుగెత్తినవాడు మసేనమ్మ తండ్రి కొర్లయ్య. దాన్ని గుహలో పెట్టి, కాలు విరిగి, పాక్కుంటూ ఇల్లు చేరి, కూతురికి ఆ మాట చెప్పి కన్నుమూశాడు. గుహ చూద్దామంటే ఇసుక కప్పేసింది. అంతే, కిరీటం కాజేసి ఎక్కడో దాచుకున్నాడని ఊరు తేల్చేసింది. తేల్చినవాళ్ళలో మొదటి గొంతు దానయ్యదే.

“ఎల్లు, ఒక్కదానివే ఎల్లు! ఊళ్ళో ఎవులూ దీనికి తాడుముక్క గాని, గుక్కెడు నీల్లు గాని ఇవ్వకూడదు. రెండు పూటల్లో ఏడుత్తూ రాకపోతే నన్నడుగు!”

మసేనమ్మకి ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాడి మీద నింద వెయ్యడానికి సాక్ష్యం అక్కర్లేదుట, అది కడగడానికి మాత్రం ఇన్ని షరతులు! ఏం న్యాయం ఇది?

కోపం కొద్దీ పరుగెత్తే మనిషి కాదు ఆమె. కొండ మీద మంచినీటి చుక్క దొరకదు. అమావాస్య పాటుకి సముద్రం బాగా వెనక్కి తగ్గితే తప్ప గుహకి దారి లేదు. అందాకా ఆ చలిగాలిలో కాచుకోవాలి. బియ్యం వేయించి పిండి కొట్టింది. ఎండుచేపలు కాల్చి, ఉప్పూ కారం వేసి దంచింది. అగ్గిపెట్టెల్ని మైనపు గుడ్డలో చుట్టింది. పాత వలతాళ్ళు పేని పొడవాటి మోకు చేసింది. చిరిగిన తెరచాపకి మాసికలు వేసి గుడారం కుట్టింది. గోనెసంచుల మధ్య ఎండుగడ్డి కూరి బొంత కుట్టుకుంది. ఒక్కో సూది పోటుకీ దానయ్య నవ్వు గుర్తొచ్చి పళ్ళు కొరికింది.

మేనత్త బండియమ్మ పెరటి దారిన వచ్చి దుప్పటి చేతిలో పెట్టబోయింది. “తీసుకెల్లే, సలికి కొయ్యబారిపోతావు!”

“వద్దత్తా. ఇది సూసి, ఇంకెవులో ఎనకాల ఉన్నారంటారు. ఆ మాట పడను.”

తెల్లవారుతూనే నీళ్ళ క్యాన్లు కావిడికి తగిలించి, మూట వీపున కట్టి బయల్దేరింది. జీడితోటలు దాటాక మొగలి పొదలు దారంతా అడ్డం పడ్డాయి. కత్తితో నరుక్కుంటూ, ముళ్ళకి చేతులు చీరుకుపోతూ కొండెక్కింది. బండ చాటున గుడారం వేస్తే ఈదురుగాలి దాన్ని అమాంతం ఎత్తేసింది. “నువ్వు కూడానా!” అని గాలిని తిట్టి, మళ్ళీ కట్టి, అంచుల మీద రాళ్ళు పేర్చింది. నీళ్ళు కొలుచుకు తాగుతూ, వేపుడు పిండి నములుతూ సముద్రాన్నే కనిపెట్టుకుని కూర్చుంది.

అమావాస్య నాటి పాటుకి నీరు తగ్గింది. మోకు బండకి బిగించి మసేనమ్మ కిందికి జారింది. కాగడా వెలిగించుకుని గుహలో దూరింది. గబ్బిలాలు ముఖం మీదికి రివ్వున లేచాయి. తల వంచి, తర్వాత మోకాళ్ళ మీద, చివరికి పొట్ట మీద పాక్కుంటూ లోపలికి పోయింది. రాతి గూటిలో ఏదో తళుక్కుమంది.

కిరీటమే! “నాయినా!” అని కేక పెట్టింది.

ఇసుక గుహ నోరు మూసినా, బండ పగుళ్ళలోంచి సముద్రపు నీరు లోపలికి వస్తూనే ఉంది కాబోలు, ఒక్క కొన తప్ప దాన్నంతటినీ గుల్లలు కప్పేసి రాతికి అతికించేశాయి. కత్తి మొన దూర్చి పెకలించబోయి చటుక్కున ఆగింది. పడవ అడుగున పట్టిన గుల్ల చూసి అది ఎన్నేళ్ళు ఉప్పునీళ్ళలో ఉందో చెప్పగల ఊరు తనది. పొర మీద పొరగా పేరుకున్న ఈ గుల్లే తండ్రి పక్షాన సాక్ష్యం. తన చేత్తో దాన్ని చెరిపేస్తే ఇంకేం మిగులుతుంది?

వెనక నీళ్ళు గలగలమన్నాయి. పోటు మొదలైంది! కిరీటాన్ని అక్కడే వదిలేసి ఆమె వెనక్కి పాకింది. గుహ నోట అల ఒకటి గుండెలదాకా కొట్టింది. కాగడా ఆరిపోయింది. మోకు పట్టుకుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి, ఉప్పునీళ్ళు కక్కుతూ పైకెక్కి పడింది.

ఊరు చేరేసరికి దానయ్య మనుషులతో కాచుకుని ఉన్నాడు. “ఏదే కిరీటం? ఒట్టి సేతులేనా?”

“గుహలోనే ఉంది. పీకి తెత్తే, ఇన్నాల్లూ మా అటక మీద దాసేనంటావు. రేపు కూడా పాటు ఉంటాది. నడు! అందర్నీ రమ్మను! దాని మీద గుల్ల నీ కల్లతో సూడు!”

ఎవరూ నవ్వలేదు. మర్నాడు ఊరు ఊరంతా కొండ మీద నిలబడింది. దానయ్య మోకు పట్టుకుని దిగి, గుహలోకి పాకాడు. చాలాసేపటికి లోపలి నుంచి సన్నగా గొంతు వినిపించింది.

“కొర్లయ్యా... తప్పయిపోనాది.”

మసేనమ్మ కొండ అంచున వంగి అరిచింది. “ఏటి సెప్పేవు? గట్టిగా సెప్పు! దొంగని అన్నప్పుడు ఎంత గట్టిగా అన్నావో, అంత గట్టిగా సెప్పు!”

గుహ మారుమోగేలా దానయ్య ఆ మాట మళ్ళీ చెప్పాడు.