టీ గ్లాసు మీద చెయ్యి

"పదకొండింటికి టెస్టు. ఫిల్టర్ ఫెయిల్ కాకూడదు బాబాయ్," అని పొద్దున్నే ఫోన్లో మళ్ళీ గుర్తుచేశాడు చీఫ్. చీఫ్ వయసు బాబాయ్ సర్వీసంత కూడా ఉండదు.

"ఎన్నిసార్లు చెప్తావు?" అన్నాడు బాబాయ్ దగ్గు ఆపుకుంటూ.

డిపార్ట్‌మెంట్‌లో ఆ సీక్రెట్ ఏజెంటుని అందరూ పిలిచేది బాబాయ్ అనే. ఇనుప ఖనిజం ప్లాంటులో ఎనిమిది నెలలుగా కూలీ వేషం. ఫిల్టర్ కింద దుమ్ము గడ్డకట్టకుండా డబ్బాల్ని సుత్తితో బాదాలి. ఈ కొత్త ఫిల్టర్ పాసైతే ఊరికి ఎర్రదుమ్ము పీడ విరగడవుతుంది. ఫెయిలైతే, పాత యంత్రాలు అంటగట్టే విదేశీ ముఠా ఇంకో పదేళ్ళు ఇక్కడే తిష్ఠ వేస్తుంది. వాళ్ళ మనిషెవరో లోపలే ఉన్నారు. డిపార్ట్‌మెంట్ వాళ్ళు మహా గొప్పగా ఇచ్చిన పెన్ కెమెరా మొదటివారమే దుమ్ము తిని చచ్చింది.

బాబాయ్ దిగులంతా గేటు దగ్గర టీకొట్టావిడ కూతురి గురించి. ఆరేళ్ళ పిల్ల, నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు. ఈ ఏడు కూడా ఈ గాలే పీలిస్తే కష్టమన్నాడు డాక్టరు.

పదిన్నరకి నల్లకళ్ళద్దాలతో వజ్రం వచ్చి టీకొట్టు బెంచీ మీద బాబాయ్ పక్కన కూర్చుంది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ప్లాంటులో ఫిల్టర్ ఎక్స్‌పర్ట్.

"గాలి ఎటు?" అంది.

"ఊరివైపే," అన్నాడు బాబాయ్. కోడ్ కుదిరింది.

"ఫోర్‌మన్ని పట్టుకోండి. సరుకంతా అతని గదిలోనే ఉంది. పన్నెండేళ్ళుగా ఇలాంటి ప్లాంట్లలోనే బతుకుతున్నా, మనిషిని చూస్తే చెప్పేస్తాను."

ఆమె గ్లాసు బెంచీ మీద తెరిచే ఉంది. టీ మీద అప్పుడే ఎర్రటి పొర. ఇక్కడ ఆ ఆరేళ్ళ పిల్ల కూడా గ్లాసు మీద అరచెయ్యి మూసి, గుక్కకోసారి తీస్తుంది. దుమ్ములో ఏడాది బతికినా ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది. ఈమె పన్నెండేళ్ళూ అబద్ధమే. అయితే ఫోర్‌మన్ మాటో? తనని ఫిల్టర్ నుంచి దూరంగా పంపడానికే.

"సరే, అతని గదికే వెళ్తా," అని లేచాడు. మలుపు తిరగ్గానే చీఫ్‌కి ఫోన్ చేశాడు. "వజ్రాన్ని గేటు దాటనివ్వకు."

ఫిల్టర్ పైకి నూట ఇరవై మెట్లు. మోకాళ్ళు మొర్రోమంటున్నాయి. ఫిల్టర్‌లో దుమ్ము పట్టే గుడ్డసంచుల్ని దులిపే గాలిగొట్టం మీద చిన్న టైమర్ బాంబు. గొట్టం పగిలితే సంచులు మూసుకుపోయి, దుమ్మంతా టెస్టుకొచ్చిన ఆఫీసర్ల నెత్తిమీదే. ఇంకా పది సెకన్లే. ఆ చచ్చిన పెన్నులోనే దాచిన కత్తి బయటికి రానేలేదు. ఛీ, దీన్ని తగలెయ్య, అనుకుని సుత్తెత్తి టైమర్ వైర్ల మీద ఒక్కటిచ్చాడు. అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

కింద ఆఫీసర్లు చిమ్నీవంక చూస్తూ నిలబడ్డారు. చూడ్డానికి ఏమీ రాలేదు.

గేటు దగ్గర జీపెక్కిస్తుంటే వజ్రం అడిగింది. "ఎక్కడ తప్పు చేశాను?"

"టీ మూసుకోవాల్సింది తల్లీ."

మూడు నెలల తర్వాత బాబాయ్ ఆ కొట్టుకే వచ్చి కూర్చున్నాడు, గ్లాసు మీద చెయ్యి వేసుకుని. పిల్ల పాలగ్లాసు తెరిచే వదిలేసి, మెట్లమీద గెంతుతోంది.

"ఏంటి తాతా, ఇంకా మూస్తావు?" అని నవ్వింది.

బాబాయ్ తెరిచున్న ఆ పాలగ్లాసు వంక చూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక ఈ ఊళ్ళో గూఢచారుల్ని పట్టుకోవడం మహాకష్టం.