పదిహేడో స్తంభం

కూర్చోమన్నా మేస్త్రీ కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి తువ్వాలు మెలిపెడుతున్నాడు. నలభై ఏళ్లుగా చెక్కపని చేసిన చేతులు అవి. ఈరోజు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియడం లేదు.

“స్తంభం పోయిందండీ. నేనే అమ్ముకున్నానంటున్నారు.”

అపరాధ పరిశోధకుడు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని నిదానం గారంటారు. ఆయన ఎన్నడూ పరుగెత్తి ఎరగడు. ఈమధ్య లేచి నడవడానికి కూడా కాస్త ఆలోచిస్తున్నాడు. ఆయన సహాయకుడు గుమాస్తా మాత్రం అప్పటికే పుస్తకం తెరిచి, తేదీ వేశాడు.

“మొదటినుంచీ చెప్పు,” అన్నాడు నిదానం గారు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దారికి అడ్డంగా ఓ పాత కర్ర ఇల్లుంది. కూల్చడానికి మనసొప్పక, కర్ర కర్రా విప్పి, ప్రతిదానికీ నెంబరు రేకు కొట్టి, కొత్త స్థలంలోని షెడ్డుకు చేర్చారు. ఒక్కొక్కటే పైపొర పోయేలా చిత్రిక పట్టి, నూనె రాసి, మళ్లీ నిలబెట్టాలి. శనివారంలోగా చట్రం లేవకపోతే స్థలం ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఇల్లంతా కోతమిల్లుకే.

“పదిహేడో నెంబరు నిన్న మధ్యాహ్నం చిత్రికకు ఎక్కాలి. భోజనం చేసి వచ్చేసరికి లేదు.”

“కొత్తది చెక్కలేవా?”

“పచ్చికర్ర పెడితే ఏడాదికే వంకర పోతుందండీ. అది లేకపోతే దాని మీది దూలం ఎక్కదు. శనివారం ఎల్లుండే.”

ముగ్గురూ వెళ్లి చూస్తే షెడ్డులో రెండు కర్రల దొంతరలున్నాయి. ఎడమవైపువి ముట్టుకోనివి, కుడివైపువి పని పూర్తయినవి. కర్రకూ కర్రకూ మధ్య గాలి ఆడేలా సన్నని బద్దలు పెట్టారు. పదిహేడో స్తంభం తీసిన చోట కూడా బద్దలు వరస తప్పలేదు. దాని పక్కనే, అంతకు రెండింతలు లావున్న దూలం అలాగే ఉంది. నేలంతా రంపపు పొట్టు. రెండు దొంతరల మధ్య మాత్రం ఒక చార మేర ఎవరో చీపురుతో ఊడ్చారు.

“పూర్తయినవెన్ని?” అని అడిగాడు నిదానం గారు.

“నిన్నటికి నలభై,” అన్నాడు మేస్త్రీ.

గుమాస్తా కుడి దొంతర లెక్కపెట్టాడు. నలభై ఒకటి వచ్చింది. మేస్త్రీ కన్నా తనకు తెలుసా అనుకుని, కొట్టేసి నలభై అని రాశాడు.

ఇంటి యజమాని బావమరిది అడగకముందే మాట్లాడటం మొదలుపెట్టాడు. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాళంచెవి ఈయన దగ్గరే కదా ఉండేది? నేను మొదటే చెప్పాను, మిల్లుకిచ్చి చేతులు దులుపుకోమని. నా మాట ఈ ఇంట్లో ఎవరు వింటారు లెండి.”

“రెండో తాళంచెవి?”

“బావ దగ్గర.”

యజమాని భార్య ఓ కర్ర ముక్క మీద కూర్చుని ఉంది. నిదానం గారు ఆమె ఎదురుగా నిలబడి, గొంతు తగ్గించాడు.

“అన్నీ చిత్రిక పట్టమన్నది మీరేనా అమ్మా?”

“నేనే. గీతలు, మరకలు, ఒక్కటీ మిగలకూడదన్నాను. పాత గుర్తులతో నాకేం పని?”

“పదిహేడోది ఏ గదిది?”

“మా అబ్బాయి గది గుమ్మం పక్కది. వాడికి పుట్టినప్పటినుంచీ కాళ్లలో బలం లేదు. పోయి రెండేళ్లయింది.”

యజమాని తలుపు పక్కన నిలబడి విన్నాడు. చొక్కా చేతి అంచున నూనె మరక ఉంది.

“మధ్యాహ్నం పనివాళ్లు భోజనానికి వెళ్తే ఇక్కడెవరుంటారండీ?”

“నేనే. బయట ఎండ కదా. కాసేపు కూర్చుంటాను.”

నిదానం గారు తల ఊపి, అందరినీ కుడి దొంతర దగ్గరకు రమ్మన్నాడు.

“అమ్ముకునేవాడు పక్కనున్న లావు దూలం వదలడు. బద్దలు మళ్లీ వరసగా పేర్చడు. ఇల్లు బాగుండాలని కోరేవాడే అలా పేరుస్తాడు. ఈడ్చిన జాడ చెరపడానికి ఊడ్చిన చార బయటి తలుపు వైపు పోలేదు, ఈ దొంతర వైపు వచ్చింది. ఒక్క మనిషి ఒక కొన ఎత్తి ఈడ్చగలిగిన బరువే. గుమాస్తా, నువ్వు లెక్కపెడితే ఎన్ని వచ్చాయి?”

“నలభై ఒకటి సార్. తప్పనుకుని కొట్టేశాను.”

“నువ్వు తప్పలేదయ్యా.” ఆయన కర్రల మీద అరచెయ్యి పెట్టి ఒక్కొక్కటే తడుముతూ వెళ్లాడు. అడుగు వరస చివర, పక్కనుంచి తోస్తే పట్టే సందులో చెయ్యి ఆగింది. “రేకు పీకేసి, నూనె రాస్తే అన్నిటిలో కలిసిపోతుంది. చిత్రిక తప్పించుకుంటుంది. శనివారం హడావుడిలో ఎవరూ చూడరు. ఇది దొంగతనం కాదు, దాచుకోవడం. అవునా అండీ?”

యజమాని తల వంచుకున్నాడు. “వాడు రోజూ ఆ స్తంభం పట్టుకునే లేచేవాడు. పంతొమ్మిదేళ్లు. అక్కడ గుంట పడింది.”

“నాతో ఒక్క మాట అంటే సరిపోయేది కదయ్యా,” అన్నాడు మేస్త్రీ. “నన్ను దొంగంటుంటే విన్నారు కదా.”

“విన్నాను. తప్పే. చెప్పాలంటే వాడి పేరెత్తాలి. ఇంట్లో మేం ఆ పేరెత్తి చాలా కాలమైంది.”

బావమరిది గొంతు సవరించుకున్నాడు. “మేస్త్రీ, నోరు జారాను. మనసులో పెట్టుకోకు.”

స్తంభాన్ని బయటికి లాగారు. ఆమె వచ్చి దాని పక్కన కూర్చుంది. నడుమెత్తులో కర్ర లోపలికి అరిగి, నున్నగా ఉంది. ఆమె చాలాసేపు దాన్ని చూసింది కానీ ముట్టుకోలేదు.

“నీకు కనపడకుండా గోడవైపు తిప్పి పెట్టిస్తాను,” అన్నాడు భర్త.

ఆమె అప్పుడు అరచెయ్యి ఆ గుంటలో పెట్టింది.

“గోడవైపు తిప్పితే వాడు దేన్ని పట్టుకుంటాడు?”

మేస్త్రీ చిత్రికను సంచిలో పెట్టేసి, పదిహేడో నెంబరు రేకూ రెండు మేకులూ తీసుకుని వచ్చాడు.