అన్నం పెట్టిన చెయ్యి

“అన్నంలోనే ఉందమ్మా విషం... ఎలుకల మందు!” అన్నాడు పశువుల డాక్టరు, గ్లౌజులు తీసేస్తూ.

జయశ్రీ ఏడవలేదు. బల్ల మీద వరసగా పడుకోబెట్టిన నాలుగు కుక్కల వంక కూడా చూడలేదు. తన కుడిచేతి వంక చూసుకుంది. పొద్దున పెరుగన్నం కలిపింది ఆ చెయ్యే! అశోక్‌నగర్ గల్లీలో ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి వడ్డించింది ఆ చెయ్యే! ముసలి నల్లోడయితే ఎప్పటిలాగే ఆ చేతిని ఒకసారి నాకి, ఆ తర్వాతే ముద్ద ముట్టుకున్నాడు...

అంతలో ఒక్కసారిగా ఆమెకు పొద్దున ఆ అన్నం ముట్టుకున్న శ్రీనిక గుర్తొచ్చింది. ఆటో ఎక్కి నారాయణగూడలోని బడికి పరుగెత్తింది. “కడుపులో నొప్పుందా తల్లీ? వాంతి వస్తున్నదా?” అని మూడుసార్లు అడిగింది. బర్కత్‌పురలో పిల్లల డాక్టరుకు చూపించింది. పాపకేం కాలేదన్నాడాయన. కుక్కలకు అన్నం పెట్టగానే పాపకు సబ్బుతో చేతులు కడిగించడం జయశ్రీకి అలవాటు. ఆ అలవాటే కాపాడింది! ఇంటికొచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి తన లోపల ఎవరో ఉండాలి కదా... ఎవరూ లేనట్టుగా ఉంది.

జయశ్రీకి పిల్లల్లేరు. శ్రీనిక మరిది శ్రీరామమూర్తి కూతురు, ఏడేళ్లది. కింద జయశ్రీ, భర్త శ్రీపతి. పైన మరిది, తోడికోడలు అంబిక, పాప. కొత్తకోడలుగా వచ్చిననాడు “నాటకాలామె” అంటూ చుట్టాలు జయశ్రీని పేరంటాలకు పిలవలేదు. ముప్ఫై ఏళ్లు గడిచాక చిక్కడపల్లి గానసభ నాటకాల్లో తల్లి పాత్ర అంటే ఆమెనే పిలవడం మొదలుపెట్టారు. పదేళ్ల కిందట రిహార్సల్ నుంచి వస్తుంటే లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర కారు గుద్దిన కుక్క ఒకటి ఆమె ఒడిలోనే ప్రాణం విడిచింది. అప్పటినుంచి ఆమె మరో వేదిక ఎక్కింది! అంబర్‌పేట్ బస్తీల్లో, బడుల్లో వీధినాటకాలు వేసేది. తల్లికుక్క వేషం కట్టి నాలుగు కాళ్ల మీద నడుస్తుంటే పిల్లలు పగలబడి నవ్వేవారు. చివరికొచ్చేసరికి ఒక్కరూ నవ్వేవారు కాదు. కుక్కలకు ఆపరేషన్లు చేయించండి, సూదులు వేయించండి అని బతిమాలేది. ప్రతి నాటకం ఒకే మాటతో ముగిసేది: “విషం పెట్టింది మీ సొంత మనిషైనా సరే, దాచకండి!”

రెండు నెలల కిందట శ్రీనికను ట్యూషన్ దగ్గర ఎక్కడిదో ఒక కుక్క కరిచింది. ఐదు సూదులకూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది జయశ్రీయే. కుక్క కనిపిస్తే చాలు వణికిపోయే పిల్లకు మెల్లమెల్లగా భయం పోగొట్టింది. కుక్కలు చనిపోయిన రోజు పొద్దున గేటు లోపల, మెట్ల దగ్గర, నల్లోడికి మొదటి ముద్ద పెట్టింది శ్రీనికే! తన చేత్తో! పాప ముఖం వెలిగిపోయింది. పైనున్న అంబికకు ఆ విషయం తెలియదు.

మర్నాడు గణేశ్ వచ్చాడు. గల్లీల్లో కుక్కలకు సూదులు వేయించే సంస్థలో పనిచేసే కుర్రాడు. ఎదురింటి కెమెరా చూసి తలపట్టుకున్నాడు.

“మేడం, గిన్నె పట్టుకొని మీరొక్కరే కనిపిస్తున్నరు. ఇంకెవ్వలు రాలే. కేసయితే పెట్టిన... కానీ గల్లీల ఏమంటున్నరో ఎరుకేనా? పేరు కోసం ఆమెనే చంపిందంటున్నరు!”

“అననియ్యి గణేశ్” అంది జయశ్రీ.

ఆమెకు తెలుసు. అన్నం గిన్నెను చల్లారడానికి మెట్ల దగ్గర పెట్టి స్నానానికి వెళ్లింది. మగవాళ్లిద్దరూ పాలకని, వాకింగుకని బయటికి పోయారు. పాప కాక ఇంట్లో మిగిలింది అంబిక ఒక్కతే. తెలుసు... కానీ ఆ తెలిసినది గుండెదాకా దిగడం లేదు. కోపం రాలేదు. ఆకలీ లేదు. శ్రీపతి కంచం పెడితే ముద్ద కలిపి అలాగే కూర్చుంటోంది.

శనివారం సాయంత్రం గానసభలో నాటకం. “వద్దులే జయమ్మా, వాయిదా ఏస్త” అన్నాడు దర్శకుడు బుచ్చిబాబు. ఆమె వినలేదు. కొడుకు శవం ముందు తల్లి ఏడ్చే ఘట్టం అది. ఏళ్లుగా గ్లిజరిన్ లేకుండా ఏడ్చేది. ఆ రోజు ఒక్క చుక్క రాలేదు! ఒక్క మాట తప్పకుండా, పొడి కళ్లతో, బియ్యం ఏరుతూ మాట్లాడినట్టుగా చెప్పింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. చప్పట్లు ఎక్కడో పక్క వీధిలో మోగినట్టు వినిపించాయి.

మేకప్ గదిలోకి రాగానే తలుపు దగ్గర అంబిక! ఇన్నేళ్లలో ఒక్క నాటకానికీ రాని అంబిక... వచ్చీ రాగానే కాళ్ల మీద పడిపోయింది.

“నేనే కలిపిన అక్కా... నేనే! పాపను కరిచిన కాడ్నించి నాకు పిచ్చి లేసినట్టయింది. అది నిద్రల ఉలిక్కిపడ్తుంటే, నువ్వేమో వాటిని ముద్దు చేస్తుంటే... నా కడుపు మండిపోయింది!”

“తెలుసు అంబికా.”

“తెలుసా! మరెందుకు చెప్పలే? గల్లీ గల్లీ నిన్ను తిడుతున్నది గదా!”

“ఏమో... నోరు రాలే. ఏడుపు గూడ రాలే.”

అంబిక వెక్కిళ్లు ఆగలేదు. “ఇయ్యాల శ్రీనిక ఏమడిగిందో తెలుసా? ‘అమ్మా, నల్లోనికి నేను గూడ పెట్టిన... నా చెయ్యి మంచిది కాదా? అందుకే చచ్చిపోయిండా?’ అన్నది! అక్కా, నా బిడ్డ చెయ్యి ఆ అన్నంల పడ్డదా? నేను కలిపిన విషంల నా బిడ్డ...” తల నేలకేసి కొట్టుకోబోయింది. జయశ్రీ అరచెయ్యి అడ్డం పెట్టింది.

“డాక్టర్‌కు చూపించిన. మంచిగనే ఉంది. లే!”

ఆదివారం పొద్దున నలుగురూ కింద గదిలో కూర్చున్నారు.

“ఇంటి ఇజ్జత్ పోతది వదినా! ఎవలో చేసిన్రంటే అయిపాయె గదా” అన్నాడు శ్రీరామమూర్తి, చేతులు జోడించి.

“జయా, నువ్వు ఊకుంటే చాలు. గణేశ్‌తోని నేను మాట్లాడ్త” అన్నాడు శ్రీపతి.

“నేను ఊకుంటే ఇన్నేండ్లు బస్తీలల్ల నేను చెప్పినదంత ఉత్త నాటకమే అయితది... కానీ అంబిక పేరు నా నోటితోని చెప్పలేను. పాప ముఖం అడ్డమొస్తున్నది” అంది జయశ్రీ.

“నువ్వు చెప్పొద్దక్కా. నేనే చెప్త” అంటూ అంబిక లేచింది. భర్త చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. “రేపు నా బిడ్డ తన చెయ్యిని చూసుకుంట బతకాల్నా?”

పోలీస్ స్టేషన్‌లో బెంచీ మీద జయశ్రీ, అంబిక పక్కపక్కనే కూర్చున్నారు. అంబిక చెప్తుంటే రైటర్ రాసుకున్నాడు. ఆమె సంతకం చేసేటప్పుడు మోచేతిని జయశ్రీ పట్టుకుంది. ఇద్దరు పూచీ ఉంటే ఇంటికి పంపిస్తామన్నారు. మొదటి సంతకం శ్రీరామమూర్తిది. రెండోది... జయశ్రీది! కేసు పెట్టినందుకు స్టేషన్‌కు వచ్చిన గణేశ్ నోరెళ్లబెట్టాడు.

“ఇదేంది మేడం! చచ్చినయి మీ కుక్కలే గదా?”

“అవును. ఈమె గూడ నా మనిషే.”

ఇంటికి రాగానే అంబిక కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న అరచేతిని కళ్లకద్దుకుంది. “నీ చెయ్యి మంచిదే బిడ్డా... నల్లోణ్ని చంపింది అమ్మ. అమ్మ తప్పు చేసింది.” శ్రీనిక తల్లి ఒళ్లోంచి దిగిపోయింది. వెళ్లి పెద్దమ్మ వెనక నిలబడింది. అంబిక పిలవలేదు. పిలిచే హక్కు ఆ పూటకు లేదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం రెండు దాటింది. పొయ్యి మీద అన్నం, పప్పు ఉన్నాయి గానీ ఎవరూ కదల్లేదు.

“అంబికా, జర అన్నం కలిపి పెట్టు” అంది జయశ్రీ.

అంబిక బిత్తరపోయింది. “నా... నా చేత్తోనా అక్కా?”

“నీ చేత్తోనే. నాలుగు దినాలైంది తినక.”

కంచం తెచ్చింది అంబిక. పప్పన్నం కలుపుతుంటే సగం మెతుకులు కింద పడ్డాయి. శ్రీపతి తల తిప్పుకున్నాడు. శ్రీనిక పెద్దమ్మ చీర కుచ్చెళ్లు గట్టిగా పట్టుకుంది. జయశ్రీ నోరు తెరిచి మొదటి ముద్ద తిన్నది. రుచి ఏమీ తెలియలేదు. రెండోది తిన్నది. మూడో ముద్ద నములుతూ ఒక్క క్షణం ఆగింది.

“ఉప్పు తక్కువైంది” అంది.

అంబిక చెంగు నోట్లో కుక్కుకుని, ఉప్పుడబ్బా కోసం వంటింట్లోకి పరుగెత్తింది.