మూత మీద రంగు చుక్క

"ఈ పెద్ద గోడకి ఏ రంగు సార్?"

"నాలుగు వేల నూట పన్నెండు," అన్నాను.

"నేనడిగింది రంగు. మీరు చెప్తోంది నంబరు."

నిచ్చెన మీద నుంచి నన్ను నిలదీసిన ఆ అమ్మాయి పెయింటింగ్ మేస్త్రీ కూతురు. నాన్నకి నడుం పట్టేయడంతో పని తనే చేస్తోంది. అందరూ చిన్న మేస్త్రీ అంటారు. చెంప మీద ఆరెంజ్ మరక, కళ్ళనిండా అల్లరి. ఇంకొకడైతే అక్కడికక్కడే ప్రేమలో పడిపోయేవాడు. నేనూ పడ్డాను గానీ, ముందు భయపడ్డాను.

ఎందుకంటే నేను ఇంటీరియర్ డిజైనర్ని, నాకు లావెండర్ కనిపించదు.

ఆరెంజ్ తెలుస్తుంది, తెలుపు తెలుస్తుంది. లావెండర్‌కీ లేత నీలానికీ మాత్రం నా కంటికి తేడా లేదు. నాలుగేళ్ళుగా షేడ్ కార్డు నంబర్లు బట్టీపట్టి నెట్టుకొస్తున్నాను. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే.

ఈసారి వచ్చిన పని పిల్లల పళ్ళ క్లినిక్. గోడలు చూడగానే పిల్లల భయం పోవాలని డాక్టరమ్మ ఆరెంజ్, లావెండర్, తెలుపు తప్ప ఇంకోటి వద్దని పట్టుబట్టింది. కుర్చీలు ఆరెంజ్, తలుపులూ కిటికీలూ తెలుపు, హాల్లో పెద్ద గోడ లావెండర్. కంప్యూటర్లో అందంగా గీసి ఇచ్చాను. పిల్లల సంగతేమో గానీ, ఆ హాల్లో అడుగుపెట్టాలంటే నాకే భయం వేసేది.

"నంబరు డబ్బా మీద ఉంటుందిగా, చూసుకోండి," అన్నాను.

"మా ఇంట్లో నంబర్లు చూడం సార్. డబ్బా తెరవగానే మూత మీద ఆ రంగు చుక్క పెట్టేస్తాం. చీటీలు ఎలాగూ పెయింట్ కారి పాడైపోతాయి."

నిజమే, ఒక్క డబ్బా మీదా నంబరు మిగల్లేదు. మూతల మీద చుక్కలే ఉన్నాయి. ఒకటి లావెండర్, ఇంకోటి ఆమె వేరే ఇంటి పని కోసం తెచ్చుకున్న లేత నీలం. నాకు రెండూ కవలపిల్లలే.

"వీటిలో ఏది?"

దేవుడి మీద భారం వేసి ఒకటి చూపించాను.

"ఇదేనా?"

"ఇదే."

"మళ్ళీ ఒకసారి చూసుకోండి."

"డిజైనర్ని నేనా, మీరా?" అని కసిరి బయటపడ్డాను.

మర్నాడు పొద్దున్నే పరుగెత్తాను. గోడ పూర్తయింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నాకంతా ఒకటే రంగు.

"ఎలా ఉంది సార్?"

"అదిరింది. మొత్తం ఒకే తీరుగా వచ్చింది."

ఆమె నవ్వలేదు. గోడ మధ్యలో చేత్తో గీత గీసి చూపించింది. "ఇక్కణ్ణుంచి ఇక్కడికి, తలుపంత మేర నీలం. మీరు చూపించిన డబ్బా. మిగతాది డాక్టరమ్మ కోరిన లావెండర్. నిన్న మీ మొహం చూసి అనుమానం వచ్చి ఇలా వేశాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఛ, ఎందుకు చెప్తాను? డాక్టరమ్మ పదింటికి కదా వచ్చేది. ఈలోపు దిద్దేస్తాను."

బ్రష్షు అందుకుందో లేదో తలుపు తెరుచుకుంది. గంట ముందే వచ్చేసింది డాక్టరమ్మ!

"మధ్యలో ఆ నీలం ఏమిటి?"

నేనింకా సాకు వెతుక్కుంటున్నాను.

"నా పొరపాటే మేడమ్," అంది చిన్న మేస్త్రీ. "డబ్బా మారిపోయింది."

"రంగులే తెలియనిదానివి ఈ పనికి ఎందుకొచ్చావమ్మా? రేపట్నుంచి వేరేవాళ్ళని పిలిపించుకుంటాను."

నిన్న నన్ను ఆటపట్టించిన పిల్ల పెదవి కొరుక్కుంటూ తల దించుకుంది. నాలుగేళ్ళుగా దాచిన భయం ఒకపక్క, దించిన ఆ తల ఒకపక్క.

"రంగు తెలియనిది నాకండీ," అన్నాను. "ఆ డబ్బా చూపించింది నేనే. లావెండర్ నాకు నీలంగా కనిపిస్తుంది. కావాలంటే మా ఆఫీసుకి ఫోన్ చేయండి. ఈవిడని మాత్రం తీసేయకండి."

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "మరి డిజైన్ ఎవరు గీశారు?"

"నేనే. నంబర్లు చూసుకుని."

"నాకు నచ్చింది కదా! ఆఫీసులో మీరే చెప్పేయండి, నేను చెప్పను. ముందు కూర్చోండి. పన్ను పీకించుకోవడానికి వచ్చిన పిల్లాడిలా వణుకుతున్నారు. సాయంత్రానికి ఆ నీలం పోవాలమ్మాయ్," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆరెంజ్ కుర్చీలో కూలబడ్డాను.

"మతిపోయిందా మీకు? నేను కప్పిపుచ్చుతున్నానుగా!"

"రేపట్నుంచి మీరు రారంటే, ఉద్యోగం పోవడం కన్నా దానికే ఎక్కువ భయం వేసింది."

ఆమె చటుక్కున గోడవైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయో లేదో, నా కళ్ళని నమ్మి చెప్పలేను.

గోడ ఆరేలోపు బయటికెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. "రేపు పొద్దున వచ్చి కలువు," అన్నారు మా బాసు. అంతే. ఉంచుతారో తీసేస్తారో చెప్పలేదు.

వెనక్కి వచ్చేసరికి మూతలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. ప్రతి చుక్క పక్కనా తెల్ల పెయింటుతో నంబరు రాసింది. చివరి మూత మీద చుక్క లేదు, ఉత్త నంబరే ఉంది. లెక్కపెడితే పది అంకెలు.

"ఇది ఏ రంగు?"

"రంగు కాదు. రేపు ఆఫీసులో భయం వేస్తే ఆ నంబరుకి ఫోన్ చేయండి," అని బ్రష్షుల సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగకముందే చేశాను.

"అప్పుడే భయం వేసిందా?" అంది.

"చాలా," అన్నాను.

మలుపు దగ్గర ఆమె ఆగి వెనక్కి తిరిగింది.