విమలకు కారు చూసిన రోజు

విమల నాతో అన్న మొదటి మాట, "నీకు కండ్లు కనవడ్తలేవా?"

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే ఏడు గంటల బస్సులో కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. గాలి తగలకపోతే ఆమెకు కడుపులో తిప్పుతుందని నాకేం తెలుసు? లేచి సీటిచ్చాను.

మర్నాటి నుంచి బస్సు ఆగకముందే కిటికీలోంచి నా రుమాలు సీటు మీద పడేది. రుమాలు నాది, సీటు ఆమెది. ఏడాది గడిచింది. బోధన్‌లో ఆమె ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు, నేను మోటారు షెడ్డులో మెకానిక్కుని. ఆమె నన్ను "మిస్త్రీ" అని ఏడిపించేది, నేను "టీచరమ్మ" అనేవాణ్ణి. అసలు మాట మాత్రం నా గొంతు దాటలేదు.

చెరకు సీజనులో ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్ల వెనక బస్సు పాకుతూ పోయేది. ఆ ఆలస్యం నాకు పండుగ. ఆమెకు మాత్రం నడుం విరిగేది. 1967 జనవరిలో ఒకరోజు బస్సులోనే కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆమె బాపు లింబాద్రి పటేల్, పసుపు పండించే ఆసామి. మాటంటే మాటే. "డ్రైవరున్న మంచి కారు కిరాయికి దొరికితే నౌకరి చెయ్యి. లేకుంటే ఇంట్ల కూసో" అని తేల్చేశాడు.

కారు మంచిదో కాదో చెప్పడానికి మెకానిక్కు కావాలి కదా. ఎవరో నా పేరు చెప్పారు. నా నోటితో నేనే ఆమెను బస్సు దింపాలి; భస్మాసురుడికీ నాకూ తేడా లేదనిపించింది.

ఆదివారం పొద్దున పటేల్ వాకిట్లో రెండు కార్లు నిలబడ్డాయి. ఒకటి తళతళలాడే అంబాసిడర్. రెండోది పోశయ్య అనే ముసలి డ్రైవరు తెచ్చిన పాత ల్యాండ్‌మాస్టర్. నేను బానెట్ ఎత్తి చూస్తుంటే విమల నీళ్ళ చెంబుతో వచ్చింది.

"ఏమని చెప్తవు?" అంది మెల్లగా.

"రెండూ కరాబంటే నీ నౌకరి పోతది."

"మంచిగున్నదంటే?"

"నువ్వు బస్సెక్కవు."

"గది నీకు బాధేనా?"

నేను బానెట్‌లోకి వంగి ఒక వైరు బిగించసాగాను. ఆమె చెంబు నా చేతిలో పెట్టి విసురుగా వెళ్ళిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

పటేలూ నేనూ ఎడపల్లి దాకా రెండు కార్లలోనూ పోయి వచ్చాం. చెరకు బండ్ల చక్రాలు కోసిన గాడులలో నడిపిస్తేనే కారు గుణం తెలుస్తుంది.

దిగుతూనే పటేల్ అన్నాడు, "నాకైతే అంబాసిడర్ నచ్చింది."

"వద్దు పటేలా. ఆ డ్రైవరు గాడులల్ల దుంకిస్తున్నడు. ఎనుక నుంచి హారన్ కొట్టి ఎడ్లను బెదిరిస్తున్నడు. పోశయ్యది మాట్లాడుండ్రి. స్ప్రింగులు మెత్తగున్నయి, ఎడమ దిక్కు అద్దం మొత్తం దిగుతది. గాలి లేకుంటే ఆమెకు తిప్పుతది. ఎడపల్లి దాటంగనే నడుం గుంజుతది, గాడ జర ఆపమనాలె. పరీక్షలున్న రోజు ఏం తినక ఎక్కుతది..."

నోరు మూసుకునేసరికి ఆలస్యమైపోయింది.

"నేను కారు సంగతి అడిగిన" అన్నాడు పటేల్ నెమ్మదిగా. "నువ్వు నా బిడ్డ సంగతి చెప్తున్నవు. నీకెట్ల ఎరుక?"

పోశయ్య అటు తిరిగి అద్దం తుడవసాగాడు.

విమల మెట్లు దిగి వచ్చింది. "ఏడాది సంది నాకు బస్సుల సీటు ఆపుతున్నది గీయనే, బాపూ. గీయనంటే నాకు ఇష్టం. ఆయన మనసుల ఏమున్నదో ఇప్పటిదాక నోరు తెరువలే."

పటేల్ చూపు నా మీదికి తిరిగింది. ఇప్పుడు కూడా మాట్లాడకపోతే నేను మనిషినే కాదు.

"నాకూ ఇష్టమే పటేలా. చెప్పే ధైర్నం లేకుండె."

"మరి రెండూ కరాబని ఎందుకు చెప్పలే? కారెక్కితే నీకు బస్సుల కనవడది గద."

"ఆమె నౌకరి పోతుండె. పిల్లలకు లెక్కలు చెప్పుడంటే ఆమెకు పానం."

పటేల్ ల్యాండ్‌మాస్టర్ తలుపు తీసి, వెనక సీటును అరచేత్తో నొక్కి చూశాడు.

"మీది ఏ ఊరు?"

"ఉండుడు నిజామాబాద్‌ల, ఊరు కోటగిరి. సాయన్న కొడుకును."

"కాలువ కింద చెరుకు పెట్టే సాయన్ననా?"

"ఔ పటేలా."

"పోశయ్యా, కోటగిరి తొవ్వ ఎరికేనా?"

"ఎరికే పటేలా."

"పోయి సాయన్నను, ఆయన ఇంటామెను తోల్కరా. మెల్లగ తే, పెద్దమనుషులు. గిది కూసోని మాట్లాడే ముచ్చట."

విమల తల వంచుకుంది, కానీ లోపలికి పోలేదు. నేను గబగబా కారు తలుపు పట్టుకున్నాను. "తొవ్వ చూపెట్టనీకి నేనూ పోత."

"నువ్వేడికి పోతవు?" అన్నాడు పటేల్, అరుగు మీద పక్కన చోటు చూపిస్తూ. "గిట్ల కూసో. నిన్ను అడిగేటియి శాన ఉన్నయి."